పిలవకపోయినా వెళ్లి అడిగింది

మా అమ్మాయి కాలేజీ జట్టులో సాకర్ (మన ఫుట్‌బాల్) ఆడుతుందని చెప్పగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "స్కాలర్‌షిప్ ఎంత ఇస్తున్నారు?" ఏమీ లేదంటే రెండో మాట, "పోనీ, మ్యాచుల్లో దింపుతారా?" ఎప్పుడైనా ఒకసారి అంటే ఇక మూడో మాట రాదు. కబుర్లు దాని చదువు మీదకో, ఇంటర్న్‌షిప్ మీదకో మళ్లిపోతాయి. అడగకుండా వదిలేసిన ఆ మూడో ప్రశ్నకే నేను జవాబు చెప్పాలనుకుంటున్నాను. డబ్బూ రాక, ఆడే హామీ కూడా లేక, మరి ఎందుకు?

ఇక్కడ అమెరికాలో కాలేజీ కోచ్‌లు తమకు కావలసిన పిల్లలను చాలావరకు హైస్కూల్లో ఉండగానే చూసి పెట్టుకుంటారు. అలా ఎవరూ పిలవకపోయినా, కాలేజీలో చేరాక తామే వెళ్లి ట్రయౌట్‌లో, అంటే ఎంపిక పరీక్షలో, ఆడి చోటు సంపాదించుకునే పిల్లలను వాక్-ఆన్ అంటారు. వాళ్లకు ఆట పేరున స్కాలర్‌షిప్ ఉండదు. పిలిచి తీసుకున్నవాళ్లకైనా అందరికీ పూర్తి ఫీజు వచ్చేస్తుందని మనలో చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. కాలేజీ క్రీడల్లో అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్ 1లో 2025 దాకా ఆడపిల్లల సాకర్ జట్టు మొత్తానికి 14 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ, మగపిల్లల జట్టుకు 9.9 స్కాలర్‌షిప్‌ల విలువ మాత్రమే అనుమతించేవారు. పాతిక మందికి పైగా ఉండే జట్టులో కోచ్ వాటినే ముక్కలు చేసి పంచాల్సి వచ్చేది. డివిజన్ 3లోనైతే ఆటకు స్కాలర్‌షిప్ అన్నదే లేదు. కాలేజీ ఫీజు తిరిగి వస్తుందన్న ఆశతో క్లబ్ సాకర్‌కు ఏటా వేల డాలర్లు కట్టేవాళ్లు ఈ లెక్క ముందే తెలుసుకుంటే మంచిది. ఆట ఇష్టమై కట్టేవాళ్లకు ఈ లెక్కతో పని లేదు.

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఆడపిల్లల సాకర్‌కు ఇంతకంటే మంచి చోటు అమెరికాలో ఉందనుకోను. అమెరికా సాకర్ మేటి మియా హామ్ ఆడిన యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్ మాకు అరగంట దూరం. ఆన్సన్ డోరెన్స్ 1979 నుంచి 2024 వరకు అక్కడి మహిళల జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. 2024 డిసెంబరులో ఆ జట్టే వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీని ఓడించి జాతీయ టైటిల్ గెలిచింది. ఆ ఫైనల్ జరిగింది మా ఊరి వేక్‌మెడ్ సాకర్ పార్కులోనే. చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో రాకపోతే ఇన్ని కాలేజీల్లో ఆడపిల్లలకు జట్లే ఉండేవి కావు. మా అమ్మాయి ఈ గాలిలో పెరిగింది. శనివారం పొద్దున టోర్నమెంటు, మధ్యాహ్నం తెలుగు క్లాసు. జెర్సీ మార్చుకోకుండానే కారు వెనక సీట్లో గుణింతాలు రాసుకునేది. రెండూ తనవే అనుకుంది. ఒకటి మానేస్తానని ఎప్పుడూ అడగలేదు.

కాలేజీ సాకర్ సీజన్ ఆగస్టులో మొదలవుతుంది. క్లాసులు తెరవక ముందే జట్టు ప్రాక్టీసులో దిగిపోతుంది. అందుకే 2023లో కాలేజీలో చేరినప్పుడు మా అమ్మాయికి దారి దొరకలేదు. సీజన్ అయ్యాక జనవరిలో ట్రయౌట్ పెడతారని తెలిసి కోచ్‌కు తనే ఈమెయిల్ రాసుకుంది. అది నాకు చూపించలేదు, నేనూ చూపించమనలేదు. ఇండియాలో మా నాన్న నా ఇంజనీరింగ్ కౌన్సెలింగుకు తోడొచ్చి, ఏ కాలేజీ పెట్టుకోవాలో పక్కన కూర్చుని చెప్పారు. ఆ ప్రేమ విలువ నాకు తెలుసు. కానీ ఈ పనిలో నాకు చోటు లేదు, ఉండకూడదు కూడా. తల్లిదండ్రులు ఫోన్ చేసి సిఫారసు చేస్తే ఏ కోచ్‌కూ నచ్చదు.

నాతో పడిన పని ఒక్కటే. ట్రయౌట్‌కు ముందు డాక్టరు పరీక్షతో పాటు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలకు సంబంధించి పుట్టుకతో వచ్చే లక్షణం) పరీక్ష ఫలితమూ కావాలన్నారు. గట్టిగా పరిగెత్తేటప్పుడు ఆ లక్షణం ఉన్నవాళ్లకు ప్రాణం మీదకు రావచ్చు కాబట్టి కాలేజీ క్రీడాకారుల విషయంలో దాన్ని చూస్తారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు పుట్టగానే మడమ నుంచి తీసే రక్తపు చుక్కతోనే ఆ పరీక్ష చేసేస్తారు. చిన్నప్పటి పిల్లల డాక్టరు దగ్గర ఆ కాగితం దొరికింది. పిల్లలు ట్రయౌట్‌కు వెళ్లే ఆలోచనలో ఉంటే దాన్ని ముందే తీసి పెట్టుకోండి, ఆఖరి నిమిషంలో పరుగులు తప్పుతాయి.

ముందు బీప్ టెస్ట్ పెట్టారట. ఇరవై మీటర్ల గీతల మధ్య, బీప్‌బీప్‌కూ వేగం పెంచుతూ పరిగెత్తడం. ఆ తర్వాత చిన్న జట్లుగా విడదీసి ఆడించారు. కొన్నాళ్లకు కోచ్ పిలిచి మాట్లాడింది. "ప్రాక్టీసుకు తీసుకుంటాను. మ్యాచ్‌లో ఆడిస్తానని మాత్రం మాటివ్వలేను" అని సూటిగా చెప్పింది. మా అమ్మాయి ఒప్పుకుంది.

ఒప్పుకోవడం అంటే ఏమిటో తర్వాత ఏడాదంతా చూశాను. పొద్దున ఆరింటికి బరువులెత్తడం అందరితో సమానం. పరుగులూ సమానం. సీజన్లో వారానికి ఇరవై గంటల వరకు సాధన చేయించవచ్చు, ఒక రోజు సెలవివ్వాలి. అది పూర్తి స్కాలర్‌షిప్ ఉన్న అమ్మాయికీ దీనికీ ఒకటే నియమం. పై వారం ఆడబోయే ప్రత్యర్థి జట్టు ఎలా ఆడుతుందో, ప్రాక్టీసులో అలా ఆడి చూపించే పని మాత్రం ఇలాంటి పిల్లలది. అవతలి జట్టు లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు కాపు కాసే అమ్మాయి) తన చోటు ఖాళీ చేసి ఎక్కువగా ముందుకొచ్చేస్తుందనుకోండి, మా అమ్మాయి వారమంతా ఆ లెఫ్ట్ బ్యాక్ అవుతుంది. శుక్రవారం రాత్రి మ్యాచ్‌లో మన రైట్ వింగర్ (కుడి అంచున దాడి చేసే అమ్మాయి) ఆ ఖాళీలోకి దూసుకెళ్లి గోల్ కొడితే, బెంచ్ మీద నుంచి అందరికంటే ముందు లేచి ఎగిరేది ఇదే. బయటి ఊరి మ్యాచ్‌కు బస్సులో చోటు లేని వారాల్లో గదిలో కూర్చుని కెమిస్ట్రీ ల్యాబ్ రిపోర్టు రాసుకుంటూ ఫోన్లో మ్యాచ్ చూసేది. ఆ రాత్రుల్లో గొంతు తేడాగా ఉండేది. "వచ్చేయవే, నీకెందుకీ కష్టం" అనాలనిపించేది. "తిన్నావా?" అని మాత్రమే అడిగేదాన్ని.

"పిలవని పేరంటానికి వెళ్లినట్టుంది కదే" అని మా పిన్ని ఫోన్లో బాధపడింది. అది ప్రేమతో అన్నదే. మా తరానికి ర్యాంకు వచ్చింది, ర్యాంకును బట్టి సీటు వచ్చింది. ఎంసెట్ కాగితం మా తరఫున మాట్లాడింది. కాదని చెప్పే అధికారం ఉన్న మనిషి ఎదుట నిలబడి, "నాకు ఇది కావాలి, నన్ను చూడండి" అని మాకు మేముగా అడగాల్సిన అవసరం రాలేదు. ఈ దేశానికి వచ్చాక ఉద్యోగంలో ప్రమోషన్ అడగడం దగ్గర, మీటింగులో గొంతు విప్పడం దగ్గర నేనూ నా స్నేహితులూ ఏళ్ల తరబడి తడబడ్డది అక్కడే. నా కూతురు పద్దెనిమిదేళ్లకే అది చేసింది. కాదంటే కాదనిపించుకోవడానికి సిద్ధపడే చేసింది. పైగా ఆ చోటు ఒకసారి వస్తే నాలుగేళ్లూ ఉండిపోయేదీ కాదు. ప్రతి ఆగస్టుకూ మళ్లీ సంపాదించుకోవాలి.

2025లో అయితే ఆ చోటే దేశవ్యాప్తంగా వివాదమైంది. కాలేజీలే క్రీడాకారులకు నేరుగా డబ్బు ఇచ్చేలా కుదిరిన కోర్టు ఒప్పందంలో స్కాలర్‌షిప్‌ల పరిమితి తీసేసి, జట్టులో మనుషులకు పరిమితి పెట్టారు. సాకర్‌కు 28 మంది. దాంతో చాలా కాలేజీలు వాక్-ఆన్ పిల్లలను ముందుగానే తప్పించడం మొదలుపెట్టాయి. జడ్జి క్లాడియా విల్కెన్ ఏప్రిల్‌లో ఆ ఒప్పందాన్ని ఆపింది ఈ పిల్లల కోసమే. చివరికి జూన్ 6న ఆమోదించినప్పుడు, అలా చోటు పోయిన పిల్లలను ఆ 28 మంది లెక్కలో చేర్చకుండా తిరిగి తీసుకునే వీలు ఉంచారు. తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం కాలేజీ ఇష్టం. మా అమ్మాయి కాలేజీ ఆ ఏడాది ఒప్పందంలో చేరలేదు కాబట్టి ఆ పరిమితి వర్తించలేదు. దాని క్లబ్ స్నేహితురాలు ఒకమ్మాయికి మాత్రం వేరే రాష్ట్రంలో ఆట అక్కడితో ఆగిపోయింది. ఆ పిల్ల చేసిన తప్పు ఏమీ లేదు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మా ఇంట్లో స్కాలర్‌షిప్ సంగతి ఎత్తని మనిషి మా మామగారు ఒక్కరే. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నమెంటు గెలిచిన రోజుల్లో పిల్లాడు. హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచ్‌గా 1962లో భారత జట్టు జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచేనాటికి ఇరవై ఏళ్లవాడు. వాళ్ల సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడని ఇప్పటికీ మెరిసే కళ్లతో చెబుతారు. మనవరాలితో ఫోన్లో మాట్లాడితే అడిగేది ఒకటే, "ఎడమ కాలు కుదిరిందా బుజ్జీ?" అని. వచ్చే సీజన్ దానికి ఆఖరిది. చూడటానికి వస్తానంటున్నారు. "నన్ను ఆడించకపోవచ్చు తాతయ్యా" అని అది ముందే చెప్పింది. ఆయన అడిగారు, "మ్యాచ్ రోజు కాక ప్రాక్టీసు రోజు వస్తే లోపలికి రానిస్తారా?" కోచ్‌ను అడిగి చెబుతానంది.