ఇత్తడి గిన్నె, కళాయి పూత, చిటికెడు గంధకం

నువ్వు అసలు ఏం చదువుతున్నావే అని అమ్మమ్మ అడిగినప్పుడల్లా "సోలార్ మీద పరిశోధన" అని రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని. ఈ సంక్రాంతికి ఆవిడ అటక మీంచి పాత ఇత్తడి గిన్నె దింపించింది. కళాయి పోయింది, పూసేవాళ్లు ఎవరూ దొరకడం లేదని ఒకటే బాధ. ఆ గిన్నె చేతిలోకి తీసుకున్నాక నాకు చటుక్కున తట్టింది. ఇత్తడి అంటే రాగి, జింక్. కళాయి అంటే తగరం. దానికి దీపావళి మందులో వేసే గంధకం కలిస్తే, మా ల్యాబ్‌లో నేను చేసే పదార్థానికి కావలసిన నాలుగూ వచ్చేసినట్టే.

"అమ్మమ్మా, నీ గిన్నెలో ఉన్నవాటితోనే కరెంటు తీయాలని చూస్తున్నా" అన్నాను. ఆవిడ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది.

వెలుగును కరెంటుగా మార్చే ఆ పదార్థాన్ని మేం సీజడ్‌టీఎస్ అంటాం. రెండు రాగి పరమాణువులు, ఒక జింక్, ఒక తగరం, నాలుగు గంధకం. ఇసుకలో సిలికాన్ బోలెడుంది కదా, ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. సిలికాన్ వెలుగును అంత గట్టిగా పట్టుకోదు. అందుకే దాన్ని నూట యాభై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పలకలుగా కోయాలి. సీజడ్‌టీఎస్‌కు ఒకటి రెండు మైక్రాన్లు చాలు. ఇప్పటికే మార్కెట్లో ఉన్న పలుచని పొర సెల్స్‌లో ఒక రకానికి ఇండియం కావాలి, ఇంకో రకానికి టెల్లూరియం కావాలి. రెండూ భూమిలో చాలా అరుదు. ఊరూరా ప్యానెల్స్ పరవాలంటే అరుదైన లోహాల మీద ఆధారపడకూడదని నా గట్టి నమ్మకం.

జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయంలో ఇతో, నకజావా 1988లో దీని నుంచి మొదటిసారి వోల్టేజ్ రాబట్టారు. 2013లో ఐబీఎం పరిశోధకులు కొంత సెలీనియం కూడా చేర్చి 12.6 శాతం సామర్థ్యం చూపించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ అంకె కదల్లేదు. ముడిసరుకును కరిగించడానికి వాళ్లు వాడిన ద్రావణి హైడ్రజీన్. విషం, పైగా పేలే గుణం ఉంది. మేం దాని జోలికి వెళ్లం, డీఎంఎస్ఓ అనే వేరే ద్రావణి వాడతాం.

ద్రావణం కలిపే పూట నాకు చాలా ఇష్టం. కాపర్ ఎసిటేట్ వేయగానే బీకరులో నీలం కలిసిన ఆకుపచ్చ. తగరం క్లోరైడ్ పడ్డాక ఆ రంగు విరుగుతుంది. జింక్ క్లోరైడ్, థయోయూరియా కూడా వేసి కలుపుతూ పోతే చివరికి తేటగా, లేత పసుపు రంగుకు వస్తుంది. తగరం తన ఎలక్ట్రాన్లను రాగికి ఇచ్చేస్తుంది. పొరలో ఆ రెండూ ఏ రూపంలో ఉండాలో, బీకరులోనే ఆ రూపానికి వచ్చేస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

అసలు తిప్పలు ఫర్నేస్ దగ్గర. మాలిబ్డినం అనే లోహం పూసిన గాజు మీద ఈ ద్రావణాన్ని పొర మీద పొర వేసి, గంధకం ఆవిరిలో 550 డిగ్రీల దగ్గర కాల్చాలి. నిరుడు ఆరు నెలలు నా శాంపిల్స్ అన్నీ, స్ఫటికం అమరికను గీతల రూపంలో చూపే ఎక్స్‌రే పరీక్షలో చక్కగా కనిపించాయి. సెల్ చేస్తే మాత్రం షార్ట్. ఒకటే టెన్షన్. జింక్ సల్ఫైడ్ గీతలు కూడా సీజడ్‌టీఎస్ గీతల మీదే పడతాయి కాబట్టి ఎక్స్‌రేను నమ్మడానికి లేదు. రామన్‌లో, అంటే లేజర్ వెలుగు వేసి ఏ పదార్థం ఉందో గ్రాఫులో శిఖరాలుగా చూపే పరికరంలో, పెట్టి చూశాను. 338 దగ్గర రావలసిన శిఖరం వచ్చింది, దాంతోపాటు 475 దగ్గర చిన్న గుబ్బ. రాగి సల్ఫైడ్! అది కరెంటును తనలోంచే పోనిచ్చేస్తుంది.

దానికి కారణం తగరం. అంత వేడిలో అది గంధకంతో కలిసి ఆవిరై పోతుంది. వెనక రాగి సల్ఫైడ్, జింక్ సల్ఫైడ్ మిగులుతాయి. పైన తగరం సల్ఫైడ్ ఆవిరి, గంధకం ఆవిరి నిండుగా ఉంటే పదార్థం ఇలా విడిపోవడం ఆగుతుందని లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లోనే చూపించారు. అది చదివినప్పట్నుంచి గ్రాఫైట్ పెట్టెలో శాంపిల్ పక్కనే చిన్న తగరం ముక్క, గంధకం పెట్టి మూత బిగిస్తున్నాను. మా సీనియర్ అన్న దాన్ని "దమ్ పెట్టడం" అంటాడు. 475 దగ్గర గుబ్బ పోయింది.

ఇంకో చిక్కు అలాగే ఉంది. రాగి, జింక్ ఆవర్తన పట్టికలో పక్కపక్కన ఉంటాయి, పరిమాణం కూడా దాదాపు ఒకటే. అందుకే స్ఫటికంలో ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంటుంది. ఎంత జాగ్రత్తగా కాల్చినా వోల్టేజ్ తగ్గడానికి ఇదీ ఒక కారణం. దీన్ని చూసి ఈ పదార్థం పనైపోయిందనేవాళ్లతో నేను ఒప్పుకోను. రాగి కాస్త తగ్గించి, జింక్ కాస్త పెంచి, కాల్చాక నెమ్మదిగా చల్లార్చి చూస్తున్నాను.

కళాయి పూసే ఆయన చివరికి మొన్న ఆదివారం దొరికాడు. పక్కనే కూర్చుని చూశాను. గిన్నె వేడెక్కాక నవసాగరం చల్లి, తగరం కడ్డీ తాకించి, దూదితో ఒక్క తిప్పు తిప్పాడు. పసుపు మీద వెండి పరుచుకుంది. వేడి సరిపోయిందని ఎలా తెలుస్తుందని అడిగితే "పొగ చూస్తే తెలుస్తుందమ్మా, ఎక్కువైతే తగరం నిలవదు" అన్నాడు.

రేపు పొద్దున పన్నెండో బ్యాచ్ ఫర్నేస్‌లో పెడుతున్నాను. ఈసారి తగరం ముక్క కొంచెం పెద్దది.