పెంచలకోనలో కోతి మొహం చూస్తూ

శనివారం కావడంతో నెల్లూరు బస్సు కిటకిటలాడింది. పొదలకూరు, రాపూరు దాటి వెలికొండలు దగ్గరపడేదాకా నాకూ మా బావకీ సీటు దొరకలేదు. పెంచలకోనలో స్వామి దర్శనం మాత్రం తొందరగానే అయింది.

గుడి బయటికి రాగానే ఒక టోపీ కోతి బావ చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుని గోడెక్కింది. నడినెత్తిన పాపిట తీసినట్టు వెంట్రుకలు, చిప్పను రెండు చేతులా పట్టుకుని పళ్లతో గీరుతూ, మధ్యమధ్యలో మావైపు సూటిగా చూస్తోంది. నేను కదల్లేదు.

"ఏందిరా, కోతి మొహంలో అంత చూసేది?" అన్నాడు బావ.

చూడాల్సింది కంటి వెనకాల. కోతికీ మనకీ కంటి గుంట వెనక ఎముక గోడ ఉంటుంది. శేషాచలం అడవుల్లో తిరిగే, కోతులకు దూరపు చుట్టమైన దేవాంగపిల్లికి కంటి పక్కన సన్నటి ఎముక కమ్మీ ఉంటుంది కానీ ఆ గోడ ఉండదు. నమిలేటప్పుడు దవడ కండరం ఎంత కదిలినా చూపు చెదరకుండా గోడ కాపాడుతుందని ఒక వాదన, ఆ కొబ్బరి తినడం చూస్తే నిజమే అనిపిస్తుంది.

కోతులు, తోకలేని వానరాలు, మనుషులు అందరినీ కలిపి ఆంత్రోపాయిడ్లు అంటారు. ఈజిప్టులోని ఫాయూమ్‌లో దొరికిన ఈజిప్టోపిథెకస్ అనే పాత ఆంత్రోపాయిడ్‌ది సుమారు 3 కోట్ల ఏళ్ల నాటి పుర్రె. మెదడు చిన్నదే, కంటి గోడ మాత్రం ఉంది. దాన్నిబట్టి చాలామంది ఆంత్రోపాయిడ్లకు ఆఫ్రికాయే పుట్టిల్లు అనుకున్నారు. 1994లో చైనా నుంచి ఇయోసిమియాస్ అనే ఇంకా పాత ఆంత్రోపాయిడ్ వార్త వచ్చింది, దాదాపు 4.5 కోట్ల ఏళ్ల నాటిది, పిడికిట్లో పట్టేంత జీవి. 2012లో మయన్మార్ నుంచి అలాంటిదే అఫ్రాసియా అనే మరో జీవి వార్త వచ్చింది, దాని పళ్లు లిబియాలో దొరికిన పళ్లను పోలి ఉన్నాయి. అంటే మన పూర్వీకులు ఆసియాలో పుట్టి, మధ్యలో సముద్రం ఉన్నా ఎలాగో ఆఫ్రికాకు చేరారన్నమాట. నాకు నచ్చిన కథ ఇదే.

"అయితే ఈ కొండల్లో తవ్వితే అలాంటి ఎముకలు దొరకవా?" అన్నాడు బావ. దొరకవు, ఈ రాళ్లు వంద కోట్ల ఏళ్లు దాటినవి, అప్పటికి ఎముకున్న ప్రాణే లేదు. మన దేశంలో అయితే గుజరాత్ వస్తాన్ బొగ్గు గనిలో దాదాపు 5.4 కోట్ల ఏళ్ల నాటి ప్రైమేట్లు (కోతులు, దేవాంగపిల్లులు, మనుషులు అందరూ ఉన్న గుంపు) దొరికాయి. వాటిలో ఆంత్రసిమియాస్ అనేదాన్ని 2008లో ఆంత్రోపాయిడ్ అన్నారు, కాదు, మడగాస్కర్‌లో ఉండే లెమూర్ల వైపు చుట్టమని వేరేవాళ్లు కొట్టిపారేశారు. నేనూ రెండో పక్షమే, నాలుగు పళ్లు చూసి వంశం తేల్చేయడం ఎక్కడైనా తొందరపాటే.