ఓరుగల్లులో ఢిల్లీ పక్షాన ఆడేదెవరు?

సంచికకు బడి జ్ఞాపకం ఒకటి రాసిమ్మని కమిటీ వాళ్ళు అడిగారు. బెత్తం దెబ్బలు, ప్రేయర్‌కు లేటుగా రావడాలు, గోడ దూకడాలు మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను మాత్రం నిరుడు సంక్రాంతి సెలవుల్లో మన క్లాసువాళ్ళను కొందరిని పోగుచేసి, హనుమకొండలో మా ఇంటి మేడ మీద ఆడించిన యుద్ధం గురించి రాస్తాను. బడితో దానికి సంబంధం లేకపోలేదు. "క్రీ.శ. 1323లో కాకతీయ సామ్రాజ్యం పతనమైంది" అని సోషల్ నోట్సులో రాసుకుని, బిట్ పేపర్లో ఒక మార్కు తెచ్చుకుని మరిచిపోయాం కదా, ఆ పతనానికి కాస్త ముందు ఢిల్లీ సుల్తాను తుగ్లక్ దండు మన ఓరుగల్లు కోటను ముట్టడించిన యుద్ధం అది.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. వేలెడంత కూడా లేని సైనికుల బొమ్మలకు రంగులేసి, బల్ల మీద గుట్టలు, వాగులు, గోడలు పేర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి, ఒకప్పుడు నిజంగా జరిగిన యుద్ధాన్ని మళ్ళీ ఆడతారు. పిల్లలాటలా కనిపిస్తుంది గానీ, 1824లో రైస్విట్జ్ అనే, ప్రష్యా అన్న పాత జర్మన్ రాజ్యపు సైనికాధికారి ఇలాంటి ఆటకు నియమాలు అచ్చు వేయిస్తే ఆ దేశపు సైన్యం శిక్షణకు వాడుకుంది. అందులో రెండు పక్షాల మధ్య ఒక పెద్దమనిషి ఉంటాడు. ఏ సేనాపతికి ఎంత కనిపించాలో, ఏ కబురు ఎప్పుడు అందాలో ఆయనే తేలుస్తాడు. నాకు నచ్చింది ఆ కుర్చీ. ఆడటం కన్నా ఆడించడంలోనే నాకు మజా ఎక్కువ.

నేను ఉపయోగించినవి 1:72 కొలత ప్లాస్టిక్ బొమ్మలు. ఐదడుగుల ఏడంగుళాల మనిషి అందులో సుమారు 2.4 సెంటీమీటర్లు ఉంటాడు. కోటను కూడా అదే లెక్కలో కడదామంటే కుదరదు. మన ఓరుగల్లు కోట బయటి గోడ, అంటే మట్టికోట, ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 2.4 కిలోమీటర్లు. 72తో భాగిస్తే 33 మీటర్లు వస్తుంది, బడి గ్రౌండు అడగాల్సిందే. అందుకని నేలకు వేరే లెక్క పెట్టుకున్నాను, పది మీటర్లకు ఒక సెంటీమీటరు. మట్టికోటకు, లోపలి రాతికోటకు మధ్య ఎడం 600 మీటర్లు, అంటే 60 సెంటీమీటర్లు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు నాలుగడుగుల వెడల్పులో రెండు గోడలు, బయట దండు దిగడానికి కాస్త జాగా సరిపోయాయి. తూర్పు వైపు భాగం ఒక్కటే తీసుకుని, గోడల వంపును బల్ల కోసం బాగా చాపాను. ఆ లెక్కన చూస్తే ఒక్కో సైనికుడు 24 మీటర్ల ఎత్తు ఉన్నట్టు! ఈ ఆటలో అలాంటివి పట్టించుకోకూడదు. ఒక బొమ్మ అంటే వంద మంది అనుకోవాలంతే.

రాతిగోడకు టీవీ డబ్బాలోని థర్మోకోల్, నేలకు సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు, ఫెవికాల్. కాకతీయ సైనికుల బొమ్మలు నాకెక్కడా దొరకలేదు. వేరే దేశాల కాల్బలం బొమ్మల శిరస్త్రాణాలు అరగదీసి, తలపాగాలు చుట్టాను. ఏనుగులు మాత్రం నిర్మల్‌వి. పొనికి చెక్కతో చేసిన ఆ ఏనుగులు కొలతకు కొంచెం పెద్దవే గానీ, బల్ల మీదికి రాగానే అందరూ ముందు వాటినే చేతుల్లోకి తీసుకున్నారు.

మనవాడొకడి ఇల్లు ఇప్పటికీ మట్టికోట లోపలే. వచ్చీ రాగానే బల్ల చుట్టూ ఒక రౌండు వేసి, "గీడ మా ఇల్లుండాలె, నువ్వు వాగు వెట్టినవ్ ఏంది ర?" అన్నాడు. వానాకాలంలో ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, రెండు గోడల మధ్య పొలాల్లో ఎక్కడ కాలు దిగబడుతుందో వాడికి చిన్నప్పటి నుంచి తెలుసు. వాడు చెప్పినట్టే కందకం జరిపాను. రాతిగోడకు లోపలి వైపు చుట్టూతా మెట్లున్నాయి చూడండి, ఎక్స్‌కర్షన్‌కు పోయినప్పుడు మనం పరుగెత్తి ఎక్కినవి. కోటలోని సైనికుడు ఏ మూల నుంచైనా నేరుగా గోడ మీదికి చేరడానికి కట్టిన మెట్లవి. ఆటలో దాన్ని నియమం చేశాను: ఓరుగల్లు దళాలకు గోడ ఎక్కడానికి అదనపు సమయం పట్టదు.

"ఫిరంగులేవి?" అని అడిగారు. ఇక్కడి యుద్ధాల్లోకి అవి ఇంకా రాలేదు, రాళ్ళు విసిరే యంత్రాలే ఉన్నాయి. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ చేసిన ముట్టడి గురించి రాస్తూ ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, యంత్రాల రాళ్ళు మట్టిగోడకు తగిలి కాయల్లా వెనక్కి ఎగిరిపడ్డాయన్నాడు. అందుకే నా ఆటలో మట్టికోటను రాళ్ళతో కూల్చలేరు. కందకం పూడ్చి ఎక్కాల్సిందే.

ఇంత తయారీ చేశాక అసలు చిక్కు వచ్చింది. ఢిల్లీ వైపు ఆడటానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. "ఓరుగల్లుల పుట్టి తుగ్లక్ దిక్కు ఆడుడేంది ర?" అని మెడికల్ షాపు మిత్రుడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చిట్టీలు వేద్దామన్నా వినలేదు. ఇంట్లో ఆట పెట్టేవాళ్ళకు ఇదే పెద్ద తలనొప్పి. నియమాలు ఎవరైనా నేర్పగలరు. ఓడిపోవాలని అందరూ కోరుకునే పక్షాన ఒకరిని మనస్ఫూర్తిగా కూర్చోబెట్టడమే కష్టం. చివరికి లెక్కల్లో ఎప్పుడూ ఫస్టొచ్చే మన క్లాస్‌మేట్, ఇప్పుడు డిగ్రీ కాలేజీ లెక్చరర్, "నాకియ్యిర ఢిల్లీ, మీరు గోడ మీద కూసొని సకినాలు తినుండ్రి" అంది. ఆమెకు తోడుగా బ్యాంకులో పనిచేసేవాడిని అమీర్‌గా, అంటే దండులో సర్దారుగా పెట్టాను. అలిగిన మెడికల్ షాపు వాడు, కోటలో ఇల్లున్నవాడు ఓరుగల్లు.

సకినాల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. నూనె చేతులతో బొమ్మలు ముట్టుకోవద్దని ముందే చెప్పండి. చెప్పినా వినరు, పక్కన తడిగుడ్డ పెట్టండి.

మేం ఆడింది కోట పడిపోయిన ముట్టడి కాదు, దానికి ముందుది. గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుఘ్ ఖాన్, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడే, మొదటిసారి వచ్చినప్పుడు గెలవలేదు. నెలల తరబడి కోటను చుట్టుముట్టాడు. ప్రతాపరుద్రుడు ధనం, ఏనుగులు ఇస్తానని కబురు పెట్టినా ఒప్పుకోలేదు. ఇంతలో ఢిల్లీ నుంచి టపా ఆగిపోయింది. సుల్తాను చనిపోయాడని దండులో పుకారు పుట్టింది. అమీర్లు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు, కోటలోవాళ్ళు బయటికొచ్చి దండు మీద పడ్డారు, ఉలుఘ్ ఖాన్ దేవగిరికి పారిపోయాడు. మళ్ళీ వచ్చి గెలిచింది 1323లో. మన నోట్సులో రెండోదే ఉంది.

ముట్టడి నిజానికి ఆటగా పనికిరాదు. ఒకడు గోడ వెనక కూర్చుంటాడు, ఇంకొకడు ఎదురుచూస్తాడు. చూసేవాళ్ళకు నిద్రొస్తుంది. ఈ ముట్టడిని ఎంచుకున్నది ఆ పుకారు కోసమే. అది ఎవరి పని అన్నదాంట్లో పాతవాళ్ళే ఒక మాట మీద లేరు. ఢిల్లీ చరిత్రకారుడు బరనీ ఏమో ఉబైద్ అనే కవి, అతని స్నేహితుడు పుట్టించారంటాడు. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా మాత్రం, తిరుగుబాటు ఆలోచనతో ఉలుఘ్ ఖానే ఆ కవి చేత చెప్పించాడంటాడు. రెండు కథల్లోనూ ఇరుక్కున్నది కవే! ఆట మొదలయ్యే ముందు లెక్చరరమ్మకు ఒక కవరు ఇచ్చాను. పుకారు తనదా, కాదా అన్నది అందులోనే ఉంది. మిగతా ముగ్గురికీ అలాంటి కవరు ఉందనే తెలియదు. ఇక ప్రతి వంతుకూ ఢిల్లీ వైపు ఒక టపా ముక్క తీయాలి. ఉత్తరం వస్తే సరే, రాకపోతే అమీరు ధైర్యం ఒక మెట్టు దిగుతుంది. ఓరుగల్లు వైపు వంతుకో గుప్పెడు చింతగింజలు గిన్నెలోంచి తీసేస్తాను, అదే కోటలోని ధాన్యం.

గిన్నె సగానికి పైగా ఖాళీ అయ్యేసరికి గోడ మీది వీరులకు టెన్షన్ మొదలైంది. చీటీ మీద "నాలుగు ఏనుగులిస్తం, వాపస్ పోండ్రి" అని రాసి నా చేతికిచ్చారు. తీసుకెళ్ళి ఇస్తే ఆమె చదివి, మడిచి, తిరిగి నాకే ఇచ్చేసింది. సరిగ్గా అప్పటి నుంచే టపా రావడం మానేసింది. బ్యాంకు అమీరు వణికిపోయాడు. "నువ్వు నిజం చెప్పు, సుల్తాన్ ఉన్నడా పోయిండా?" అని పక్కకు తీసుకుపోయి బతిమాలాడు. ఆమె ఉలకలేదు, పలకలేదు. చిన్నప్పుడు పరీక్ష హాల్లో కూడా ఇట్లనే చూపియ్యకపోయేది అని వాడు నాతో మొరపెట్టుకున్నాడు. తర్వాతి పాచికకు తన దళాలన్నీ ఎత్తుకుని బల్ల అంచు దాటించేశాడు.

గోడ మీదివాళ్ళు ఇక ఆగలేదు. గేటు తీసి, నిర్మల్ ఏనుగులు ముందు పెట్టుకుని, దండు మీద పడ్డారు. కోటలో ఇల్లున్నవాడు "ఆగుర, గంత దూరం పోవద్దు, గేటు చూస్కో" అని ఒకటే అరుపు. మెడికల్ షాపు వాడు వినలేదు. డేరాలు దోచుకుంటూ, టేపు కొలిచిన ప్రతిసారీ ఇంకో నాలుగు సెంటీమీటర్లు అంటూ పోయాడు. లెక్చరరమ్మ తన గుర్రాలను కుడిపక్క గుట్ట వెనక అప్పటిదాకా కదపనే లేదు. తెరిచిన గేటుకు, ఆ గుర్రాలకు మధ్య ఇక ఎవరూ లేరు. కవరు చింపి బల్ల మీద పెట్టింది. పుకారు తనదే.

ఎవరు గెలిచారో తేల్చమన్నారు. మట్టికోటలో ఆమె గుర్రాలు ఉన్నాయి గానీ, రాతికోట మూసే ఉంది. దండు తగలబడింది, అమీరు పోయాడు, ఇక ముట్టడి సాగించే స్థితిలో ఆమె లేదు. ఓరుగల్లుకు గెలుపు ఇచ్చాను. ఆమె ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు. నా గ్రూపు మెసేజీల్లో సగం దాని గురించే.

ఈసారి మన బ్యాచ్ కలిసే రోజు మధ్యాహ్నం అసయే ఆడిద్దామనుకుంటున్నాను. 1803 సెప్టెంబర్ 23న మరాఠా సైన్యం మీద ఆంగ్లేయ సేనాని ఆర్థర్ వెల్లస్లీ గెలిచిన యుద్ధం. ఫిరంగులు అడిగినవాళ్ళకు అందులో కడుపు నిండా ఉంటాయి. మరాఠా పక్షానికి అప్పుడే ముగ్గురు పేర్లిచ్చారు. ప్లైవుడ్ నేను తెస్తాను, చాయ్ కమిటీ చూసుకుంటుంది. వెల్లస్లీగా కూర్చునేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందే ఫోన్ చేయండి. లెక్చరరమ్మ ఈసారి రానంటోంది, తీర్పు మారిస్తేనే వస్తుందట.