ఖాళీగా వదిలిన నాలుగు పేజీలు

నేను ఒంగోలులోని మన కళాశాలలో బి.ఏ. చదివింది 1996 నుంచి 1999 వరకు. ఆ మూడేళ్ళలో తరగతి గదిలో విన్నది చాలామటుకు పరీక్షలతోపాటే మరుగున పడింది గాని, రెండో ఏడు సంక్రాంతి వెళ్ళిన తరువాత నలుగురం ఆడపిల్లలం పొదిలికి అవతల ఒక పల్లెలో తాగునీటి సంగతి తెలుసుకుంటూ ఇల్లిల్లూ తిరిగిన పది రోజులు మాత్రం పూసగుచ్చినట్టు గుర్తున్నాయి. ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగినప్పుడు మరో విషయం కోసం వెతుక్కోవలసిన పని పడలేదు.

మాకు సమాజశాస్త్రం చెప్పిన మాస్టారికి ఒక పట్టుదల ఉండేది. వరకట్నం, నిరక్షరాస్యత, మద్యపానం అంటూ పుస్తకంలో వరుసగా ఉన్న సాంఘిక సమస్యల్ని కంఠతా పట్టి అప్పజెప్పడం ఆయనకు గిట్టేది కాదు. ఆ సమస్యను మోస్తున్న మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మనిషి నోట విన్న తరువాతే దాని గురించి రాయాలనేవారు. ఆయన తరచుగా ఎత్తే ఉదాహరణ మన పక్క జిల్లాలోని దూబగుంట. అక్కడి ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1992లో నెల్లూరు జిల్లా అంతటా, ఆపైన రాష్ట్రమంతటా పాకడం, 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించడం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం రావడం, 1997లో దాన్ని సడలించడం, ఇవన్నీ మేము ఎదుగుతూ ఉండగా మా కళ్ళ ముందు జరిగినవే. రాత్రి బడిలో పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు పాఠం మధ్యలో తమ ఇళ్ళ సంగతులు ఒకరికొకరు చెప్పుకోవడం దగ్గర ఆ ఉద్యమానికి వేరు ఉందని, మాట్లాడుకోనిస్తే మనుషులు తమ సమస్యను తామే గుర్తుపడతారని మాస్టారు చెబుతుండేవారు.

ఆ ఏడు తరగతిని బృందాలుగా విడగొట్టి ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క విషయం ఇచ్చారు. ఒక బృందం పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసే కూలీల దగ్గరికి, ఇంకొకటి చీమకుర్తి రాతి క్వారీల్లో పనివాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మా నలుగురికీ వచ్చింది తాగునీరు. నిజం చెప్పాలంటే నాకు ఆ విషయం ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

జాతీయ సేవా పథకం వారి శిబిరం కూడా ఆ పల్లెలోనే వేశారు గనుక మాకు బస, భోజనం అక్కడి బడిలోనే కుదిరాయి. మిగతా పిల్లలు పగలంతా బాటకు మట్టి పోస్తుంటే, మేము మాత్రం సైక్లోస్టైల్ చేయించిన ప్రశ్నపత్రాలు, స్నేహితురాలి అన్నయ్య దగ్గర అరువు తెచ్చుకున్న టేప్ రికార్డరు, రెండు క్యాసెట్లు పట్టుకుని బయలుదేరేవాళ్ళం. పత్రంలో ముప్ఫై రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఇంట్లో ఎంతమంది, నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు, రోజుకు ఎన్ని బిందెలు, కీళ్ళనొప్పులు ఉన్నవారు ఎందరు, ప్రభుత్వం నుంచి ఏమి కోరుతున్నారు, ఇలా సాగేవి. మొదటి రెండు రోజుల్లో నలభై పత్రాలు నిండాయి. సాయంత్రం దీపం దగ్గర కూర్చుని చదువుకుంటే నలభై ఇళ్ళలోనూ ఒకే మనిషి జవాబు చెప్పినట్టు ఉంది. అవును, లేదు, బోరింగు నుంచి, మంచినీళ్ళు కావాలి. అంతకుమించి ఏమీ లేదు.

ఆ ప్రాంతం తెలియని పాఠకుల కోసం నీళ్ళ సంగతి కొంత చెప్పాలి. అప్పటి ప్రకాశం జిల్లా పడమటి భాగంలో, అంటే దర్శి, పొదిలి, కనిగిరి వైపు, వాన తక్కువ, నేల అడుగున రాయి ఎక్కువ. ఫ్లోరిన్ కలిసిన ఖనిజాలున్న ఆ రాతి పొరల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిలోకి ఫ్లోరైడు కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా తెలియదు. కాచినా పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. పిల్లలకు లోపల పళ్ళు తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే పంటి మీద సుద్ద పూసినట్టు తెల్లని మచ్చలు, తరువాత గోధుమరంగు గారలు వస్తాయి, అవి ఇక పోవు. ఏళ్ళు గడిచిన కొద్దీ అది ఎముకల్లో, కీళ్ళలో పేరుకుని మెడ, నడుము, మోకాళ్ళు బిగుసుకుపోతాయి. మేము వెళ్ళిన ఊళ్ళో బడి పక్కనున్న బోరింగుకు ఎర్ర రంగు పూసి ఉంది. తాగవద్దని ఆ రంగుకు అర్థం. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి చూస్తే ఆ ఎర్ర బోరింగు దగ్గరే బిందెల వరుస ఉండేది.

మూడో రోజు ఒక ముసలాయన ఇంటికి వెళ్ళాం. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మాట మొదలుపెట్టగానే నేను ఆయనకు కుడివైపు నిలుచున్నానని గమనించలేదు. ఆయన మెడ తిప్పలేక, రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి నడుము నుంచి ఒళ్ళంతా నా వైపు తిప్పుకున్నాడు. నేను గభాలున ఎదుటికి వచ్చి నేల మీద కూర్చున్నాను. కాసేపటికి కోడలు చెంబుతో నీళ్ళు, ఒక చిన్న స్టీలు గ్లాసు తెచ్చింది. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు చెంబు ఎత్తి, నోటికి తగలకుండా పోసుకుని తాగుతారు. ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్ళలో అది మర్యాద. ఆ తాత తల వెనక్కి వంచలేడు. గ్లాసు పెదవికి ఆనించి, మోచేయి పైకి లేపి, ఒళ్ళంతా కొద్దిగా వెనక్కి వాల్చి గుక్కలు గుక్కలుగా తాగాడు. తాగి, "చెంబెత్తి తాగి పన్నెండేళ్ళాయె పాపా. ఈ గ్లాసు నాకొక్కడికే. ఎవురూ దీన్ని ముట్టుకోరు" అన్నాడు. మా ముప్ఫై రెండు ప్రశ్నల్లో ఈ గ్లాసు గురించి అడిగే ప్రశ్న లేదు. కీళ్ళనొప్పులు ఉన్నవా అన్నదానికి ఎదురుగా 'అవును' అని గుర్తు పెట్టుకుని రావడానికి మేము వెళ్ళాం.

ఆ మధ్యాహ్నం నేను పత్రాలు సంచిలో పెట్టేశాను.

మరునాడు ఒక్కదాన్నే ఒకామె ఇంటికి వెళ్ళాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. పెళ్ళీడు కూతురు గుమ్మం వెనకనే నిలబడి వింటోంది, బయటికి రాలేదు. నేను అలవాటు ప్రకారం వోణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాను. ఆమె రొట్టె తిరగేస్తూ తల ఎత్తకుండానే అడిగింది. "కొంగు తియ్యి పాపా. నీయీ గారపళ్ళేగా. మీదేవూరు?"

నాది దర్శి వైపు పల్లె. నా పళ్ళు అలాంటివే. ఒంగోలులో చదువుకు చేరిన నాటి నుంచి నేను నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, ఫోటోల్లో పెదవులు బిగించుకున్నాను. పళ్ళు సరిగా తోముకోనని తోటి పిల్లలు అనుకుంటారని భయం. తాగునీటి విషయం నాకు ఇష్టం లేకపోవడానికి కారణం అదే. ఊరి పేరు చెప్పాను. ఆమె పొయ్యి మంట తగ్గించి, పీట నా వైపు జరిపి, గంటసేపు మాట్లాడింది. కూతురిని చూడడానికి మూడు సంబంధాల వాళ్ళు వచ్చారట. పిల్ల నచ్చిందన్నారట, ఇల్లూ నచ్చిందన్నారట. పిల్ల నోరు తెరిచి పేరు చెప్పగానే లేచి పోయారట. "కట్నం చాలదని పొయ్యుంటే అప్పు తెచ్చైనా ఇద్దుం. నీళ్ళను యాడ మార్చేది?" అంది. అప్పుడు ఆ అమ్మాయి గుమ్మం వెనక నుంచి బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. మేమిద్దరం ఒకరి పళ్ళు ఒకరం చూసుకున్నాం. ఆ రోజు తరువాత నేను కొంగు అడ్డం పెట్టుకోలేదని చెప్పగలిగితే బాగుండేది గాని, ఆ అలవాటు పోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అయితే తప్పు నాది కాదని మొదటిసారి తెలిసింది ఆ పొయ్యి దగ్గరే.

మా వల్ల జరిగిన ఒక పొరపాటును దాచకూడదు. మా బృందంలో ఒకరు టేప్ రికార్డరును సంచిలో ఉంచి, చెప్పకుండానే ఒక రైతు మాటలు రికార్డు చేశారు. చెప్తే మొహమాటపడి మాట్లాడరని మా ఆలోచన. ఆయన తన అన్నదమ్ముల మధ్య బావి తగాదా గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చివర్లో క్యాసెట్టు అయిపోయి మీట టక్కుమని పైకి లేచింది. ఆయన కోప్పడలేదు. మాట ఆపేసి, తువ్వాలు భుజాన వేసుకుని, పొలానికి వెళ్ళిపోయాడు. సాయంత్రం శిబిరానికి వచ్చిన మాస్టారికి సంగతి చెబితే, ఆయన అన్నం ముట్టకుండా మా నలుగురినీ వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళారు. మా చేతనే క్షమాపణ చెప్పించి, ఆ రైతు ముందే ఆ క్యాసెట్టు చెరిపించారు. తిరిగి వస్తూ దారిలో ఒక్క మాటే అన్నారు. "ఆయన మాట ఆయన సొత్తు. అడిగి తెచ్చుకోవాలి, మళ్ళీ ఇచ్చిరావాలి." ఆ రెండో సగం అర్థం కావడానికి మరో నాలుగు రోజులు పట్టింది.

గ్లాసు తాత దగ్గరికి నేను మరో మూడుసార్లు వెళ్ళాను. బోరింగులు వచ్చాకే ఈ జబ్బు వచ్చిందా అని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ఆయన బడికి పోయే ఈడులో, తవ్వుడు బావుల కాలంలోనే, వాళ్ళ నాయన దుక్కిటెద్దులు కాళ్ళు బిగుసుకుపోయి కాడి కింద నిలబడలేకపోయేవట. ఎద్దులను మార్చినా రెండు మూడేళ్ళకు అదే వరస. "మా నాయన అప్పుడే అన్నాడు, ఇది నీళ్ళలోనే ఉండాదని. ఎద్దుకొచ్చింది మనిషికి రాకుండా పోద్దా అని." వయసు మళ్ళినవాళ్ళు చెప్పే పాత కబుర్లలో ఇదొకటి అనుకుని రాసుకున్నాను.

ఒంగోలు తిరిగి వచ్చాక మాస్టారు నాకొక వైద్య గ్రంథం తెప్పించి ఇచ్చారు. ఫ్లోరైడు వల్ల వచ్చే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మన దేశంలో మొట్టమొదట నమోదు చేసింది 1937లో, షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు. ఎక్కడ అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పొదిలి, కనిగిరి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లావే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకంటే ముందే ఈ ప్రాంతపు రైతులు దుక్కిటెద్దులకు కీళ్ళు బిగుసుకుపోవడం గమనించారని కూడా అందులో ఉంది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తాత వాళ్ళ నాయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు, కానీ ఆయన చూసింది ఉంది. దేశానికంతటికీ ఈ జబ్బు ఇక్కడి నుంచే తెలిసి అప్పటికే అరవై ఏళ్ళు దాటింది.

శిబిరం ముగిసే ముందు రోజు రాత్రి, మేము రాసినదంతా రామాలయం అరుగు మీద ఊరివాళ్ళకు చదివి వినిపించాలని మాస్టారు పెట్టిన నియమం. ఎనభై మంది దాకా వచ్చారు. పేర్లు చెప్పకుండా, ఎవరి మాటలు వారివిగానే చదివాం. మధ్య మధ్య ఆపి దిద్దారు. నీళ్ళ కోసం ఆడవాళ్ళు రోజుకు రెండు గంటలు నడుస్తున్నారని రాస్తే, "నడిచేది రెండు గెంటలే, వరసలో నిలబడేది ఎవురు రాస్తారమ్మా" అని ఒకామె అరిచింది. దాన్ని అక్కడే చేర్చాం. క్యాసెట్టు రైతు కూడా వచ్చి చివర కూర్చున్నాడు, తన బావి తగాదా అందులో లేదని తేలాక ముందుకు జరిగాడు. చదవడం అయ్యాక గ్లాసు తాత అడిగాడు.

"ఇదంతా రాసుకుపోతే నీళ్ళొస్తాయా పాపా?"

మాలో ఎవరికీ నోరు పెగలలేదు. తెలియదు తాతా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరేలే. నీళ్ళొచ్చినరోజు రాయను ఎనకమాల నాలుగు కాయితాలు ఇడిసిపెట్టు" అన్నాడు.

అలాగే చేశాం. నివేదికను నూట పద్దెనిమిది పేజీలుగా చేతితో రాసి, చివర నాలుగు తెల్ల కాగితాలు కలిపి బైండు చేయించి గ్రంథాలయంలో ఇచ్చాం. ఒక ప్రతి ఊరికి పంపాం, ఒకటి అర్జీతో జతపరచి అధికారులకు సమర్పించాం.

ఆరేళ్ళ కిందట ఆ ఊరికి వెళ్ళాను. తాత లేడు. కోడలు గుర్తుపట్టి లోపలికి పిలిచింది. శుద్ధి యంత్రం దగ్గర కొనుక్కున్న ఇరవై లీటర్ల క్యాను గుమ్మం పక్కనే ఉంది, తాగడానికి అవే. అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్ళతోనే వండుతున్నారు. క్యాను నీళ్ళు వంటకు కూడా వాడాలంటే డబ్బు చాలదంది. వాళ్ళ మనవడు బడి నుంచి వచ్చి నన్ను చూసి నవ్వాడు. ముందరి పళ్ళు అప్పుడే వచ్చాయి, వాటి మీద సన్నని తెల్ల చారలు ఉన్నాయి. ఆ నాలుగు పేజీల్లో రాయవలసింది ఇదేనా, ఇంకా ఆగాలా అన్నది నాకు తోచలేదు.

ఆ పుస్తకం మన గ్రంథాలయంలో ఆకుపచ్చ క్యాలికో అట్టతో, వెన్ను మీద 1998 అన్న అంకెతో ఉంటుంది. ఇప్పుడు సమాజశాస్త్రం చదువుతున్న పిల్లల్లో ఎవరైనా దాన్ని బయటికి తీసి, ఆ ఊరికి వెళ్ళి, వంటకు ఏ నీళ్ళు వాడుతున్నారో ఆ ఇళ్ళవాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పింది వాళ్ళకే ఒకసారి చదివి వినిపించి, ఆ నాలుగు కాగితాల మీద రాయాలని కోరుతున్నాను. వెళ్ళేవారు కబురు చేస్తే నేను కూడా వస్తాను.