వాన పడుతుండగా గోడౌన్ చూడాలి

శనివారం, రాత్రి 9:40

పొద్దుటి నుంచీ ముసురే. మేడ్చల్ వైపు రెండు షెడ్లు చూడ్డానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. ఎండలో ఏ గోడౌనైనా బాగానే కనిపిస్తుంది. రేకుల స్క్రూల కింద రబ్బరు వాషర్లు ఎండకి బిరుసెక్కి పగులుతాయి. నీళ్లు ముందు అక్కడే దిగుతాయి. ఆ తర్వాత వెలుతురు కోసం వేసే పాలీకార్బొనేట్ రేకు అంచులు, రెండు కప్పులు కలిసే చోట ఉండే కాలువ. గోడ అడుగున ఉప్పు పేరిన తెల్లటి గీత ఉంటే చెమ్మ ఎంతవరకు ఎక్కిందో తెలుస్తుంది. కొత్తగా సున్నం కొట్టి ఉంటే మాత్రం పక్క గోడౌన్ వాచ్‌మన్‌ని అడగాల్సిందే.

నెల అద్దె ఒకదానికి చదరపు అడుగుకి 18 రూపాయలు, రెండోదానికి 22. చాలామంది ఇక్కడే తేల్చేసుకుంటారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అద్దె కట్టేది నేలకే, సరుకు మాత్రం ఎత్తులో కూడా ఉంటుంది. రెండూ 10,000 చదరపు అడుగులే. దారులు, డాక్ (లారీ ఆనించి సరుకు దించే అరుగు) దగ్గర ఖాళీ పోగా ర్యాకులు వేస్తే నేల మీద సుమారు 200 ప్యాలెట్లు (సరుకు పేర్చే పలకలు). మొదటి దానిలో 20 అడుగుల ఎత్తే దొరుకుతుంది, అంటే మూడు వరసలు, 600 ప్యాలెట్లు. ప్యాలెట్‌కి నెలకి 300 రూపాయలు. రెండో దానిలో 32 అడుగులు, ఐదు వరసలు, 1,000 ప్యాలెట్లు. ప్యాలెట్‌కి 220. ఖరీదైనదే చవక. ఓనర్లు చెప్పే ఎత్తు కప్పు శిఖరం దగ్గరిది. మనం కొలవాల్సింది నేల నుంచి అన్నిటికంటే కిందికి ఉన్న దూలానికో, మంటలార్పే స్ప్రింక్లర్ పైపుకో. బియ్యం బస్తాలు హమాలీలతో పేర్పించే వ్యాపారికి మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఆయనకి 18 రూపాయలదే మేలు.

ఎత్తుకి తగ్గ నేల కూడా ఉండాలి. టన్ను ప్యాలెట్లు, బేకి (ర్యాకులో రెండు స్తంభాల మధ్య గడికి) వరసకి రెండు, ఐదు వరసలు. కింది వరస నేల మీదే కూర్చున్నా, మధ్య స్తంభాల్లో ఒక్కో కాలి మీద 4 టన్నులు పడుతుంది, అదీ అరచేతి కంటే కాస్త పెద్ద ప్లేటు మీద. గుంత పూడ్చి సరిగ్గా దిమ్మిస చేయకుండా కాంక్రీటు పోస్తే కుంగుతుంది. ర్యాకు కొద్దిగా ఒరిగినా పైవరసలో అది అంగుళాల్లో తేలుతుంది. జాయింట్ల అంచులు చిట్లాయేమో, చీపురుతో ఊడిస్తే సిమెంటు పొడి లేస్తుందేమో చూసుకోవాలి.

డాక్ నాలుగడుగుల ఎత్తుంటే పెద్ద లారీకి సరిపోతుంది, వరద నీరూ అంత తేలిగ్గా లోపలికి రాదు. ట్రాలీ ఆటోకి అది చాలా ఎత్తు. చిల్లర దుకాణాలకి సరుకు పంపేవాళ్లకి పక్కన ర్యాంపు కావాలి. 40 అడుగుల కంటైనర్ ఒక్కసారిలో వెనక్కి తిరగాలంటే డాక్ ముందు కనీసం వంద అడుగుల ఖాళీ ఉండాలి.

చోటు సంగతి. నాగపూర్ వైపు నుంచి వచ్చే సరుక్కి మేడ్చల్, ముంబై వైపుదైతే పటాన్‌చెరు, బెంగళూరు వైపుదీ విమానాల్లో వచ్చేదీ అయితే శంషాబాద్. ఇది లోపలికి వచ్చే సరుకు లెక్క. పంపే దుకాణాలన్నీ ఎల్బీనగర్ చుట్టూ ఉంటే మాట వేరు. రోజుకి ఆరు ట్రిప్పులు, ఒక్కోటి రానూపోనూ 30 కిలోమీటర్లు ఎక్కువైతే, 26 రోజులకి 4,680 కిలోమీటర్లు. కిలోమీటరుకి 20 రూపాయలు వేసినా 93,600. అద్దెలో నాలుగు రూపాయలు తగ్గించుకుని మిగిల్చేది 40,000.

కాగితాలు: నిర్మాణ అనుమతి, ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం). ఇవి లేకపోతే నిప్పంటుకున్నప్పుడు బీమా క్లెయిం చిక్కుల్లో పడుతుంది. అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. చిన్న వ్యాపారుల కోసం ఉన్న జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకి అది తిరిగి రాదు, ఖర్చులో కలుపుకోవాల్సిందే. ఏడాది దాటే లీజుని రిజిస్టర్ చేయించాలి. 11 నెలల కాగితం నమ్ముకుని లక్షలు పోసి ర్యాకులు బిగించొద్దు.

రెండో షెడ్డే నయమనిపిస్తోంది. గేటు బయట మలుపులో ఒక కరెంటు స్తంభం ఉంది. సోమవారం కంటైనర్ బండి ఒకటి రప్పించి తిప్పి చూడాలి.