గాలం వేసేవాళ్లకి ఒక మాట

ప్రకాశం బ్యారేజీ 70 గేట్లలోంచి వచ్చే వరద తగ్గుముఖం పట్టిందంటే చాలు, దిగువన సీతానగరం వైపు ఆదివారాలు కాలు పెట్టే సందు ఉండదు. జనం రావడం నాకు సంతోషమే, కృష్ణమ్మ అందరిదీ. కానీ పక్కవాళ్ల దారం మీదుగా అడ్డంగా గాలం విసిరితే మాత్రం నాకు ఒళ్లు మండిపోతుంది.

మొన్న ఒక పెద్దాయన వెదురు కర్ర పట్టుకుని కూర్చున్నారు. బెండు ఒకసారి మునిగి లేచి, మళ్లీ గభాల్న లోపలికి పోయింది. మంచి బొచ్చె అయ్యుంటుంది, కర్ర విల్లులా వంగింది. అలాంటప్పుడు చుట్టుపక్కల వాళ్లు తమ దారాలు వెనక్కి తీసేసుకోవాలి, ఎందుకంటే చేప ఎటు పరిగెడుతుందో తెలీదు. పక్కనున్న కుర్రాడు కదల్లేదు. రెండు దారాలూ పెనవేసుకుని, ఆయనది పుటుక్కున తెగిపోయింది.

"కాస్త తీసుంటే సరిపోయేది కదా బాబూ" అన్నారాయన.

"నది నీదా?" అన్నాడు వాడు. కనీసం వయసుకైనా విలువ ఇవ్వొద్దూ!

పైగా చిక్కుపడ్డ దారం ముల్లుతో సహా అక్కడే పారేసిపోయాడు. నైలాన్ కుళ్లదు. కొంగల కాళ్లకి చుట్టుకుంటే అవి ఎగరలేవు. ఒట్టి కాళ్లతో స్నానానికి దిగేవాళ్ల సంగతి సరేసరి.

ముందే ఎవరైనా కూర్చుని ఉంటే "అన్నా, ఇక్కడ వేసుకోవచ్చా?" అని అడగండి. ఫోన్లో పాటలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పైనుంచి నీళ్లు వదులుతున్నారని తెలిస్తే మాత్రం అందరికీ వినపడేలా అరవండి.