నన్నయ కాలంలో స్పెయిన్‌లో ఏం పాడుకున్నారు?

మా అమలాపురం వైపు వేసవిలో కాలవలు కట్టేశాక పెద్దగా పనుండదు, అందుకే ఈసారి స్పానిష్ సాహిత్యం మీద పడ్డాను. ఇక్కడ రాజమహేంద్రవరంలో నన్నయ భారతం రాస్తున్న 11వ శతాబ్దంలోనే, అక్కడ ముస్లింల ఏలుబడిలోని స్పెయిన్‌లో అరబ్బీ, హీబ్రూ పద్యాల చివర జనం మాట్లాడుకునే భాషలో నాలుగు ముక్కలు తగిలించేవాళ్లు. వాటిని ఖర్చాలంటారు. ఎక్కువగా ప్రియుడి కోసం బెంగపెట్టుకున్న అమ్మాయి మాటలే, చాలాసార్లు వాళ్లమ్మతో చెప్పుకుంటున్నట్టు. హీబ్రూ లిపిలో దాక్కున్న కొన్నింటిని 1948లో శామ్యూల్ స్టెర్న్ అనే పండితుడు చదివి చెప్పాకే వాటికి పేరొచ్చింది.

తర్వాత వీరగాథలు, చర్చి పద్యాలు, సరే. నాకు పిచ్చిగా నచ్చింది మాత్రం 1554 నాటి లాసరిల్యో అనే చిన్న నవల. రాసిందెవరో తెలీదు. గుడ్డి యజమాని దగ్గర ఆకలితో మాడే కుర్రాడు వైన్ కూజా అడుగున చిన్న కన్నం పెట్టి, మైనంతో మూసి, చలి వంకతో ముసలాయన కాళ్ల మధ్య దూరి, మంట వేడికి మైనం కరిగాక కారే చుక్కల్ని నోట్లో పట్టుకుంటాడు. ముసలాయన కనిపెట్టి అదే కూజాతో మొహం పగలగొడతాడనుకోండి! మతగురువుల మీద వెటకారం శ్రుతి మించిందని 1559లో నిషేధించారు. నన్నడిగితే 1605లో వచ్చిన సెర్వాంటెస్ నవల డాన్ కిహోటేకి (ఇంగ్లీషులో డాన్ క్విక్సోట్) దారి వేసింది ఈ కుర్రాడే.

ఇక పాతకాలపు స్పానిష్ కవి గోంగోరా (గోంగూర కాదండోయ్) పద్యాలు మహా కఠినం, రెండు పేజీలకే పక్కన పెట్టేశాను. ఆయన పోయి 300 ఏళ్లయిందని 1927లో లోర్కా లాంటి కుర్ర కవులు సెవిల్‌లో సభ పెట్టారు. లోర్కా మాత్రం మరుసటేడు అచ్చేసిన జిప్సీ గాథల్ని జనం పాడుకునే పాత ఎనిమిదక్షరాల కొలతలోనే రాశాడు, ముందు అవి చదవండి.